మావయ్య తీసిన గొంగళిపురుగు

మొన్న ఆదివారం పొద్దున్న వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాను. పక్కన మా అత్త పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మా డిగ్రీ స్నేహితురాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పండగలకి దండాలు, పుట్టినరోజులకి కేకు బొమ్మలు తప్ప అందులో పెద్దగా ఏమీ రాదు. ఆరోజు మాత్రం మాలో ఒకావిడ కుటుంబంతో మారేడుమిల్లి వెళ్లొచ్చి ఫోటోలు గుమ్మరించింది. జలపాతం ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరసగా నిలబడ్డవి కొన్ని, బొంగు చికెన్ తింటున్నవి కొన్ని. వాటి మధ్య ఎక్కడో, దారి తప్పి వచ్చినట్టు, ఒక గొంగళిపురుగు. బాగా ముదిరిన వంకాయ రంగు ఒళ్లు. వీపు మీద రెండు వరసల్లో తెల్లటి చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య సన్నటి తెల్ల గీత, ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గేసినట్టు. కింద ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టారు, ఇంకొకరు ఛీ అని మొహం చిట్లించిన బొమ్మ పెట్టారు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పురుగు నాకు తెలుసు. ఆ చుక్కలు ఈ జన్మలో మళ్లీ చూస్తానని మాత్రం అనుకోలేదు.

అది చెప్పాలంటే ముందు మా చిన్న మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు, ఈ అత్త భర్త. పాలకొల్లులో గుడి వెనక వీధిలో ఆయనకి ఫోటో స్టూడియో ఉండేది. వీధివైపు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసుకున్న చీకటి కొట్టు డార్క్‌రూమ్. పిల్లల్లేని ఆ ఇంట్లోనే ఉండి నేను డిగ్రీ మూడేళ్లూ చదివాను. ఇల్లంతా ఫోటోలు కడిగే హైపో మందు వాసన. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటిరోజు పప్పులో కూడా ఆ వాసనే వేసేది, నాలుగు రోజులు పోయాక ఆ వాసన లేని పప్పే చప్పగా అనిపించేది. స్టూడియో గోడకి ఒక పెద్ద తెర ఉండేది. దాని మీద చెరువు, చెరువులో హంస, గట్టున తెల్లటి పిట్టగోడ. ఊళ్లో సగంమంది ఆ హంస పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నవాళ్లే. హంస మెడ దగ్గర తెర చిరిగితే అత్త సూదీ దారంతో కుట్టింది, అప్పట్నుంచీ ఆ హంస గొంతు నొప్పితో బాధపడుతున్నట్టు కనబడేది. మావయ్య బ్లాక్ అండ్ వైట్ తప్ప తీసేవాడు కాదు. చేతకాక కాదు, ఇష్టంలేక. రంగు ఫోటోలో మనిషి కంటే ముందు చీర కనబడుతుందనేవాడు. గుమ్మంలోకి వచ్చిన బేరానికి ఈ ఉపన్యాసమంతా చెప్పి పంపేసేవాడు. ఆయనకి అదో సరదా ఏమోగానీ, లోపల పుస్తకం పట్టుకుని వింటున్న నాకు ఒళ్లు మండేది.

ఆ స్టూడియోకి పేరు వచ్చింది మావయ్య కెమెరా వల్ల కాదు, అత్త చేతుల వల్ల. ఈ మాట నేను అనడం లేదు, ఆయనే పదిమందిలో అనేవాడు. కిటికీ పక్కన ఏటవాలుగా ఒక చెక్క స్టాండు, దాని మధ్యలో పాలరంగు గాజు పలక, వెలుతురు పైకి కొట్టడానికి కింద మామూలు అద్దం. భోజనాలయ్యాక అత్త దాని ముందు కూర్చుని భూతద్దంలోంచి చూస్తూ నెగెటివ్‌ల మీద పనిచేసేది. ఆ పనిని టచింగ్ అంటారు. నెగెటివ్‌లో అంతా తలకిందులు కదా, నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుంది. మొహం మీద నల్ల మచ్చ పోవాలంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో అద్దాలి. తెల్ల మచ్చ పోవాలంటే బ్లేడు మొనతో ఆ చోటు గీకాలి. పెన్సిల్ పని తప్పయితే టర్పెంటైన్ ముంచిన దూదితో తుడిచేయొచ్చు. గీకింది మాత్రం గీకిందే, దానికి మందు లేదు. మా అత్త బ్లేడు పడితే మావయ్య ఆ గదిలో గట్టిగా తుమ్మేవాడు కూడా కాదు.

పెళ్లిచూపుల ఫోటో అంటే ఆవిడ చెయ్యి పడాల్సిందేనని భీమవరం నుంచి కూడా వచ్చేవాళ్లు. అమ్మవారు పోసిన గుంటలు, చిన్నప్పుడు కాలిన మచ్చలు, చెంప మీద బొల్లి, ఏదైనా సరే అత్త దగ్గర నిలిచేది కాదు. పెళ్లిళ్లయ్యాక ఎక్కడైనా గొడవలయ్యాయేమో నాకు తెలీదు, అయినా ఫోటోవాడి దగ్గరికొచ్చి ఎవరడుగుతారు. మచ్చతో ఒక్క ఫోటో కూడా ఆ గుమ్మం దాటకూడదన్నది ఆవిడ పట్టుదల. ఆవిడ చుబుకం కింద ఓ పెద్ద పుట్టుమచ్చ ఉంది. పెళ్లికాక ముందు ఆ మచ్చతో దిగిన ఫోటో ఎన్ని ఇళ్లకి వెళ్లిందో అన్ని ఇళ్లనుంచీ తిరిగొచ్చిందట. చివరికి ఆ ఫోటో తీసినాయనే చేసుకున్నాడు. అది మా మావయ్యే.

ఇదంతా తొంభైల చివరి మాట. అప్పటికే రోడ్డుకి అవతల, సరిగ్గా మావయ్య గుమ్మానికి ఎదురుగా, కలర్ ల్యాబ్ వచ్చింది. గాజు తలుపులు, లోపల ఏసీ. రీలు ఇచ్చి మ్యాట్నీకి వెళ్లొచ్చేసరికి ఫోటోలు చేతిలో పెట్టేవాళ్లు. మావయ్యేమో ఎల్లుండి రమ్మనేవాడు, మబ్బేస్తే ఆవలెల్లుండి. అప్లికేషన్లకి కలర్ ఫోటోలే కావాలనడం మొదలైంది. ఆ తర్వాత పెళ్లిచూపులకి కూడా అవే. చివరికి ఆయనకి మిగిలింది ఒకటే పని, ఎవరైనా పోతే పాత గ్రూపు ఫోటోలోంచి వాళ్లొక్కళ్లనీ విడదీసి పెద్దది చేసివ్వడం. ఒకరోజు అలాంటిదే ఫ్రేము కట్టిస్తూ నాతో అన్నాడు, "ముప్పై ఏళ్లుగా నేను తీసినవాళ్లంతా రెండే చోట్ల ఉన్నారే. పెళ్లిళ్ల పేరయ్య సంచిలో, లేదంటే గోడ మీద దండ కింద."

ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే. తను తీసిన ఒక్క ఫోటో అచ్చులో పడాలి, దాని కింద తన పేరుండాలి. ఫోటో వెనక స్టాంపు గుద్దుకోవడం కాదు, ముందువైపు, చూసినవాళ్లు చదివేలా. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు, వానలో తడుస్తున్న సోడా బండి, ఇలాంటివి తీసి పత్రికలకి పంపేవాడు. కొన్ని తిరిగొచ్చేవి, కొన్నయితే తిరిగి కూడా రాలేదు. బేరాల్లేక ఉగాదికి స్టూడియో మూసేద్దామని అత్తా ఆయనా నిర్ణయించుకున్నారు. ఈలోగా ఒక్కటి పడితే చాలనేవాడు. పడకుండా మూసేస్తే తను ముప్పై ఏళ్లూ ఆ కొట్లో ఏం చేసినట్టని అడిగేవాడు. అది నన్నడిగినట్టూ ఉండేది కాదు, అత్తనడిగినట్టూ ఉండేది కాదు. అత్త పెన్సిల్ చెక్కుకునేది, నేను పుస్తకంలోకి తల దూర్చేదాన్ని.

ఆ కార్తీకమాసంలో మా జువాలజీ మేడమ్ మమ్మల్ని మారేడుమిల్లి అడవికి తీసుకెళ్లింది. మొక్కలూ పురుగులూ చూపిస్తానని పేరు, మా ఆడపిల్లలందరికీ మాత్రం జలపాతం ధ్యాస. గ్రూపు ఫోటోకి మనిషి కావాలంటే నేనే మావయ్య పేరు చెప్పాను. ఒక్కరోజైనా ఇంట్లోంచి బయటపడితే ఆ మొహానికి కాస్త కళ వస్తుందని నా ఆశ. తెల్లారకుండానే అత్త పులిహోర కట్టిచ్చింది. రాజమండ్రి బ్రిడ్జి మీద బస్సు వెళ్తుంటే పిల్లలందరూ కిటికీల్లోంచి గోదాట్లో చిల్లర వేశారు, మావయ్య మాత్రం చెయ్యి కెమెరా సంచి మీంచి తీయలేదు. పైనొక కన్నూ కిందొక కన్నూ ఉన్న పాత పెట్టె కెమెరా అది. పై కంటితో మనం చూడాలి, కింది కంటితో బొమ్మ పడుతుంది. అప్పటికే ఆయనకి దగ్గరి చూపు ఆనడం లేదు, అందుకని అత్త భూతద్దం కూడా అడక్కుండా సంచిలో వేసుకొచ్చేశాడు.

జలపాతం దగ్గర గ్రూపు ఫోటోలు అయ్యేసరికి మావయ్య రీలులో ఒకే ఒక్కటి మిగిలింది. మాలో ఒకమ్మాయి దగ్గర వాళ్లన్నయ్య కలర్ కెమెరా ఉంది గానీ, ఆ రీలంతా నీళ్లలో చేతులు చాపి నవ్వడానికే అయిపోయింది. అందరూ పులిహోర పొట్లాలు విప్పుతుంటే మావయ్య ఎండ తగలని చోటు వెతుక్కుంటూ వెదురు పొదల వెనక్కి వెళ్లాడు. కాసేపటికి అక్కణ్ణుంచి నా పేరు పెట్టి పిలిచాడు. గట్టిగా కాదు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కనుంచి పిలిచినట్టు. వెళ్లి చూస్తే, మోకాలెత్తు మొక్క మీద, ఆకు అంచు కొరుక్కుంటూ, చూపుడువేలంత గొంగళిపురుగు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ వంకాయ రంగు మీద ఆ తెల్ల ముగ్గు చూసి వెనక్కి పరిగెత్తాను. మేడమ్‌ని పిలుచుకొచ్చాను. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. మామూలుగా పురుగు కనబడితే చాలు దాని పేరూ, వంశవృక్షమూ గడగడ చెప్పే మనిషి, ఆరోజు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. చివరికి, తను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటి చుక్కలు లేవనీ, ఈ చుక్కలే దీని గుర్తనీ, కలకత్తాలో గొంగళిపురుగుల మీద పెద్ద పుస్తకం రాస్తున్న ఒక ప్రొఫెసర్ గారున్నారనీ, ఆయనకి పంపిస్తాననీ చెప్పింది. పురుగుని సీసాలో పంపాలి, దాంతోపాటు బతికున్నప్పటి ఫోటో ఒకటి ఉండాలంది. ఫోటో బాగా వస్తే ఆ పుస్తకంలో వేస్తారంది.

మావయ్య కెమెరా స్టాండు కాళ్లు బిగిస్తున్నవాడల్లా ఆగాడు.

"నా పేరు వేస్తారాండి?"

"కింద చిన్నక్షరాలతో వేస్తారండి, ఫోటో ఎవరిదో చెప్పాలి కదా."

"ఆయ్, చిన్నక్షరాలైనా పర్లేదండి," అన్నాడు మావయ్య. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

ఆ ఒక్క ఫోటో కోసం మమ్మల్నందర్నీ ఎంతసేపు నిలబెట్టాడో చెప్పలేను. బస్సు డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి, మేం చూస్తున్నది పురుగునని తెలిసి, తల పట్టుకుని వెళ్లిపోయాడు. మామూలుగా ఆ కెమెరాతో అంత దగ్గరగా తీయడం కుదరదు. మావయ్య అత్త భూతద్దం నా చేతికిచ్చి పై కన్ను ముందు పట్టుకోమన్నాడు, లోపలికి చూసి బొమ్మ సరిచేసుకున్నాడు, తర్వాత అద్దాన్ని కింది కన్ను ముందుకి దించమని, కెమెరాని సరిగ్గా అంతే పైకి లేపాడు. నా చెయ్యి వణికితే అన్నీ మొదటికొచ్చేవి. నీడ కాబట్టి బొమ్మ పడటానికి క్షణంపైన పట్టేది, ఆ కాస్తలో ఆకూ కదలకూడదు, పురుగూ కదలకూడదు. పురుగేమో తినడం ఆపదు. ఆయన గొంతుక్కూర్చుని, కెమెరా కదలకుండా నొక్కే కేబులు చేతిలో పట్టుకుని, దాన్ని పెళ్లిచూపులకొచ్చిన పిల్లని బతిమాలినట్టు బతిమాలాడు. కాస్త తలెత్తమ్మా, ఒక్కసారి అలా ఉండమ్మా, అంటూ. స్టూడియోలో హంస పక్కన నిలబడ్డ ప్రతి ఆడపిల్లకీ చెప్పే మాటలే. మా వాళ్లంతా నోటికి చెంగులు అడ్డంపెట్టుకుని నవ్వారు. ఒక క్షణం అది నిజంగానే తినడం ఆపి తల ఎత్తింది. టక్కున చప్పుడైంది. మావయ్య లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు, చెమటని మేమనుకున్నాం. బస్సెక్కాక నాతో మెల్లిగా, రంగు లేకపోతేనేం, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఇది మన కోసమే పుట్టిందే అన్నాడు.

పురుగుని మేడమ్ స్పిరిట్ సీసాలో వేసింది. వారం తిరక్కుండా అందులో రంగంతా పోయింది, చుక్కలూ పోయాయి, ఒళ్లంతా ఉడికిన సేమ్యాలా పాలిపోయింది. స్పిరిట్‌లో అన్నీ అంతేనని మేడమ్ క్లాసులో చూపించి చెప్పింది. అందుకే ఫోటో ముఖ్యమంది, ఇప్పుడా చుక్కలకి సాక్ష్యం మావయ్య ఫోటో ఒక్కటేనంది. ఆ మాట నేను ఇంటికొచ్చి మావయ్యకి చెబుతుంటే అత్త కూడా విన్నది, సాక్ష్యం ఫోటోయేనన్న మాట మటుకే ఆవిడ చెవిన పడింది. చుక్కల సంగతి చెప్పేటప్పటికి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లింది.

ఊరికొచ్చిన రోజే మావయ్య రీలు కడిగాడు. నెగెటివ్ అద్దంలా వచ్చింది, దీపానికి అడ్డంపెట్టి నాకు చూపించాడు, తెల్లటి ఒంటి మీద నల్లటి ముగ్గు. మామూలు పేపరు మీద వెయ్యనన్నాడు, ఇన్నాళ్ల తర్వాత అచ్చులోకి వెళ్లేది కాబట్టి మంచి పేపరు కావాలి. పాలకొల్లులో దొరకలేదు. మేం చుక్కల సంగతి మాట్లాడుకున్న మర్నాడే రాజమండ్రి వెళ్లాడు. అక్కడి కొట్టువాడు ఇంక బ్లాక్ అండ్ వైట్ పేపరు రాదండి, అడిగేవాళ్లు లేరు అన్నాడట. కొట్టు కొట్టూ తిరిగి, ఎవరి దగ్గరో అడుగున మిగిలిన ఒక ప్యాకెట్టు పట్టుకుని రెండో రోజు సాయంత్రానికి ఇంటికి చేరాడు. ఆ రెండు మధ్యాహ్నాలూ నేను కాలేజీలో ఉన్నాను. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది.

ఆదివారం భోజనాలయ్యాక డార్క్‌రూమ్‌లోకి వెళ్లాం. ఎర్రబల్బు వేసి, నెగెటివ్‌ని కవరులోంచి తీసి మళ్లీ చూసుకోకుండానే, బొమ్మని పెద్దది చేసే ఎన్లార్జర్‌లో పెట్టి, కొత్త పేపరు మీద వెలుతురు పోసి, మావయ్య దాన్ని డెవలపర్ ట్రేలో వేశాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే. ఖాళీ కాగితం మీద ముందు నీడలు, తర్వాత మనిషి మెల్లిగా పైకి రావడం. ఆకు వచ్చింది. ఆకు అంచున కొరికిన చోటు వచ్చింది. పురుగు ఒళ్లు వచ్చింది, నున్నగా, నల్లగా. నేను చుక్కల కోసం చూస్తూ ఉన్నాను. మావయ్య ట్రేని ఊపుతూనే ఉన్నాడు. పేపరు పాతదేమో మావయ్యా అన్నాను. ఆయన ఇంకొకటి వేశాడు. అదీ అంతే. అప్పుడు నెగెటివ్ బయటికి తీసి ఎర్రబల్బు దగ్గరగా పెట్టి చూశాడు, బొటనవేలి గోరు మెల్లిగా దాని మీద పోనిచ్చాడు. ఆ గోటికి గరుగ్గా తగిలిందేమిటో చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా ఆయనకి తెలిసిన పని అది. ఎంత సన్నగా, ఎంత ఓపిగ్గా గీకిందంటే, ఏ చుక్క ఎక్కడుండేదో వెతికినా తెలీదు.

నాకు ఏడుపొచ్చింది. గబగబా తలుపు వైపు వెళ్లబోతే మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పకే. ఆ చేతులే ఇన్నాళ్లూ మనకి అన్నం పెట్టాయి. ఎంతమంది పిల్లల మచ్చలు తీసినా నేను వద్దన్లేదు, ఇప్పుడు దీనికి తీసిందని అడగనా?"

రెండు ఫోటోల్నీ హైపోలో వేసి, కడిగి, క్లిప్పు పెట్టి, బయటికొచ్చాడు. అత్త కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మం అవతలే నిలబడుంది. ఆవిడకి ఆగడం లేదు. ఎలా వచ్చిందండీ అని అడిగింది. మావయ్య గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, "పెళ్లికూతురిలా ఉందే," అన్నాడు. అత్త మొహం విప్పారింది. అప్పుడు చెప్పింది, పాపం దానికి ఒళ్లంతా బొల్లేనండీ, కలకత్తా దాకా వెళ్లే ఫోటో అలా పంపిస్తే పరువేం కానూ అని రెండు మధ్యాహ్నాలు కూర్చుని తీశాను, కంట్లోంచి నీళ్లు కారిపోయాయి అని. ఆయన అవును, కష్టపడ్డావు అన్నాడు. ఆ పూట కాఫీలో పంచదార వెయ్యడం అత్త మర్చిపోయింది, ఆయన ఆ మాట కూడా అనలేదు.

మర్నాడు మేడమ్‌కి ఫోటో చూపించాను. రీలు పాడై చుక్కలు పడలేదని చెప్పమన్నాడు మావయ్య, అలాగే చెప్పాను. ఆవిడ ఆ నున్నటి పురుగుని చూసి, ఇలాంటివి మన పెరట్లో బోలెడుంటాయి, దీన్ని పంపితే నవ్వుతారంది. మళ్లీ అడవికెళ్దామంటే ఆ పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయే కాలం వచ్చేసింది, పై ఏడాదికి ఆవిడకి బదిలీ అయిపోయింది. ఇంటి దగ్గర మాత్రం అత్త ఊరుకోలేదు. కవరు తెప్పించి, శుభమని నాలుగు మూలలా పసుపు రాసి, మావయ్యని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి తనే వెళ్లింది. మేడమ్ ముందే నాకిచ్చిన కలకత్తా అడ్రసు రాసి, వెనక స్టాంపు గుద్దిన ఆ ఫోటోని మావయ్య భార్య ఎదురుగా డబ్బాలో వేశాడు. ఆ ప్రొఫెసర్ గారు పసుపు పూసిన కవరు విప్పి, లోపల మచ్చలేని పురుగుని చూసి ఏమనుకున్నాడో. ఎవరో సంబంధం పంపారనుకుని ఉంటాడు. నవ్వొచ్చే మాటే, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను నవ్వలేకపోయాను.

జవాబు రాలేదు. వస్తుందని ఆశపడింది అత్త ఒక్కతే. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. పెద్ద పుస్తకం కదే, ఏళ్లు పడుతుంది అనేవాడు మావయ్య. ఉగాది వచ్చింది, స్టూడియో మూసేశారు. హంస తెరని చుట్టచుట్టి అటక మీద పడేశారు. ఎదురుగా కలర్ ల్యాబులో మావయ్యకి పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే పని ఇచ్చారు. సాయంత్రాలు నేను వెళ్తే, బల్ల వెనక కూర్చుని, ఎవరెవరివో రంగురంగుల మొహాలు కత్తెరతో వేరుచేస్తూ కనబడేవాడు. ఆ పని చేసినన్నాళ్లూ ఆయన మళ్లీ కెమెరా ముట్టుకోలేదు. గొంగళిపురుగు రెండో ప్రింటు ఫ్రేము కట్టించి అత్త హాల్లో పెట్టుకుంది. వచ్చినవాళ్లు ఇదేంటండీ అని అడిగితే, కలకత్తా పుస్తకంలోకి వెళ్లిందండీ, మావారు తీశారు అని చెప్పేది. మావయ్య అప్పుడు ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేవాడు. ఆయన పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఫోటో లేదు, జీవితమంతా కెమెరా వెనకే ఉన్నవాడు కదా. ల్యాబువాళ్లు ఐడీ కార్డు కోసం తీసినది ఒకటుంటే అదే పెద్దది చేసిచ్చారు. నీలం తెర, ఎర్రగళ్ల చొక్కా. చూడగానే ముందు చొక్కా కనబడుతుంది.

అత్త ఇప్పుడు రాజమండ్రిలో నా దగ్గరే ఉంటోంది. ఆ రెండు ఫ్రేములూ మా హాల్లో పక్కపక్కనే ఉన్నాయి. మొన్న ఆదివారం ఆ ఫోనులో బొమ్మ చూశాక, మా అమ్మాయి నేర్పినట్టు దాని మీద వేలు నొక్కి పట్టాను. నేను కాఫీ గ్లాసు మళ్లీ అందుకునే లోపల ఫోను దాని పేరు చెప్పేసింది, దాన్లోంచి వచ్చే సీతాకోకచిలుక పేరు కూడా. వందేళ్ల పైనుంచే రంగుబొమ్మలతో సహా పుస్తకాల్లో ఉందట, అస్సాంలో, కేరళలో కూడా దొరుకుతుందట. అంటే మావయ్య ఫోటో చుక్కలతో వెళ్లినా ఎవరూ వేసేవాళ్లు కారన్నమాట. మేడమ్‌కి తెలీదు, మాకెవరికీ తెలీదు. అత్త బ్లేడు పాడుచేసింది ఏమీ లేదు. ఈ ఒక్క మాట ఆయనకి తెలిసుంటే ఆ ఆఖరి ఏళ్లు ఇంకోలా గడిచేవేమో అని మొదట అనిపించింది. ఆ వెంటనే, గడిచేవి కావు, పేరు పడకుండానే పోయేవాడు, అంతే, తేడా ఏమీ లేదు అనిపించింది. ఏ దారిన చూసినా ఆయనకి ఏమీ దొరకలేదు. దుఃఖం అలా తన్నుకొచ్చింది.

అంతసేపు ఏం చూస్తున్నావే అంది అత్త. చెప్పకూడదనుకున్నా చెయ్యి ఆగలేదు, ఫోను ఇచ్చాను, బొమ్మ పెద్దది చేసి. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ చూపుడువేలి గోరు ఒక చుక్క దగ్గర ఆగింది, మెల్లిగా, చాలా మెల్లిగా, గాజు మీద గీకినట్టు కదిలింది.

"మన దానిలాంటిదే ఎవరికో దొరికినట్టుందే. పాపం, మచ్చలు తీయకుండానే పంపేశారు."

ఫోను నాకిచ్చేసి, గుమ్మంలోంచి హాల్లో గోడ వైపు తిరిగి చూసింది. మీ మావయ్య తీసినదాని ముందు ఇది ఏ మూలకి వస్తుంది, ఆ కలకత్తా ఆయన ఇంకా బతికే ఉన్నాడంటావా అని అడిగింది. ఉండే ఉంటాడత్తా అన్నాను. అయితే ఎప్పటికో ఒకప్పటికి వేస్తాడులే అని చిక్కుళ్ల గిన్నె దగ్గరికి లాక్కుంది. కాలం పెన్సిల్‌తో అద్దినవైతే ఎప్పటికైనా తుడిచి చూసుకోవచ్చు, గీకేసినవి మాత్రం ఏ వెలుతురుకి అడ్డంపెట్టి చూసినా మళ్లీ కనబడవు.